పరీక్షకు నిలిచే పేరు

భిలాయ్ ప్లేట్ మిల్లు నుంచి వచ్చే మామూలు నిర్మాణపు పలకకు చాలాకాలం ‘ఎఫ్‌ఈ 410’ అని పేరు. ఇల్లు కట్టుకునేవాళ్లు స్లాబులో వేసే కడ్డీకి ‘ఎఫ్‌ఈ 415’ అని పేరు. పేర్లు చూస్తే రెంటికీ తేడా అయిదే. కానీ పలక పేరులోని 410 తెగిపోయేదాకా లాగితే అది తట్టుకునే బలం. కడ్డీ పేరులోని 415 మాత్రం లాగడం ఆపినా మునుపటి పొడవుకు తిరిగిరాని స్థితి మొదలయ్యే చోటు. రెండూ చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని చెప్పే లెక్కలే. కడ్డీని కొలిచిన తీరులోనే పలకనూ కొలిస్తే వచ్చేది 250 మాత్రమే. 2006లో ఐఎస్‌ 2062 ప్రమాణాన్ని సవరించినప్పుడు పలకకు ‘ఈ 250’ అన్న పేరు పెట్టి, పాత పేరును పక్కన బ్రాకెట్లో ఉంచారు. ఉక్కు అదే. పేరు ఏ పరీక్ష ఫలితాన్ని చెబుతోందో అది మారింది.

మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన ఊరు ఈ భిలాయ్. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి సెక్టార్లలో మూడు తరాలుగా ఉన్నాయి. 2016లో రాయ్‌పూర్‌లోని తాత్కాలిక ఆవరణలో మొదలైన ఐఐటీ భిలాయ్ ఇప్పుడు దుర్గ్ జిల్లా కుటేలాభాఠాలో సొంత ఆవరణలో నడుస్తోంది. ఫర్నేసు దగ్గర పనిచేసినవాళ్ల మనవలు కంప్యూటర్ మీద జన్యువులను చదివే కాలం వచ్చింది. వాళ్లలో ఎవరైనా డిఎన్‌ఎ, ఆర్‌ఎన్‌ఎ, ప్రోటీన్ల కోసం కొత్తగా సాఫ్ట్‌వేర్ రాయడానికి కూర్చుంటే, మొదటి గంటలోనే ఎదురయ్యే చిక్కు లెక్కలది కాదు, పేర్లది. ఈ క్లాసును ఏమని పిలవాలి?

ముప్ఫయ్యేళ్లుగా పలు భాషల్లో, పలు బృందాలు ఇచ్చిన జవాబులను ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. చూశాక నాకు తేలింది ఆ పలక చెప్పిన పాఠమే: పరీక్షించి చూపగలిగిన గుణాన్నే పేరులో పెట్టాలి.

చిక్కు ఎక్కడుంది

క్లాసు అంటే ప్రోగ్రామర్ తయారుచేసే అచ్చు. ఆ అచ్చులో పోసిన ప్రతి వస్తువుకూ ఒకే రకం లోపలి అమరిక ఉంటుంది, దానిమీద ఒకే రకం పనులు చేయవచ్చు. జీవశాస్త్రంలో ఆ వస్తువు అక్షరాల వరుస. డిఎన్‌ఎకు ఎ, సి, జి, టి. ఆర్‌ఎన్‌ఎలో టి స్థానంలో యు. ప్రోటీన్‌కు ఇరవై అమైనో ఆమ్లాలు, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. ఈ ఒక్క అక్షరపు సంకేతాలు 1960లలో కంప్యూటర్లో చోటు కలిసిరావాలని మార్గరెట్ డేహాఫ్ వాడుకలోకి తెచ్చినవి.

‘ఎసిజిటి’ అన్న నాలుగక్షరాల ముక్కను చూడండి. డిఎన్‌ఎగా చదివితే నాలుగు క్షారాలు. ప్రోటీన్‌గా చదివితే అలనీన్, సిస్టీన్, గ్లైసీన్, థ్రియోనీన్. సందేహపు అక్షరాలను కలుపుకున్నా ఇదే కథ. ఆర్ అంటే ఎ లేదా జి, వై అంటే సి లేదా టి, ఎన్ అంటే నాలుగింటిలో ఏదైనా. ఇలా డిఎన్‌ఎకు మొత్తం పదిహేను అక్షరాల పట్టిక ఉంది. ఆ పదిహేనూ ప్రోటీన్ పట్టికలోనూ చెల్లుతాయి. అంటే ఏ డిఎన్‌ఎ వరుసనైనా తప్పులేని ప్రోటీన్ వరుసగానూ చదవవచ్చు. ఇది ఏ అణువు అన్న సంగతి అక్షరాల్లో లేదు, బయటి నుంచి ఎవరో చెప్పాలి. ఆ చెప్పే బాధ్యత క్లాసు పేరు మీద పడుతుంది. అది మోయగలదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మూడు దారులు

ఇప్పటిదాకా వచ్చిన పేర్లను మూడు కుప్పలుగా పోయవచ్చు.

మొదటిది, ఇది రాత అని ఒప్పుకునే దారి. ఆర్ భాషలోని బయోస్ట్రింగ్స్‌లో క్లాసుల పేర్లు డిఎన్‌ఎస్ట్రింగ్, ఆర్‌ఎన్‌ఎస్ట్రింగ్, ఏఏస్ట్రింగ్. స్ట్రింగ్ అంటే ప్రోగ్రామర్ల పరిభాషలో అక్షరాల దండ. జపాన్‌లో పుట్టిన బయోరూబీలో ఎన్‌ఏ, ఏఏ అన్న పొట్టి పేర్లున్న క్లాసులు రూబీ భాషలోని స్ట్రింగ్‌కు నేరుగా వారసులు. న్యూక్లియిక్ ఆమ్లాన్ని చిన్నబడి అక్షరాల్లోకి, ప్రోటీన్‌ను పెద్దబడి అక్షరాల్లోకి మార్చేసి దాచుకోవడం వాటి అలవాటు. చూడగానే ఏది ఏదో తెలుస్తుంది.

రెండోది, ఇది అణువు అని చెప్పే దారి. బయోజావాను 2010 ప్రాంతంలో తిరగరాసినప్పుడు డిఎన్‌ఎసీక్వెన్స్, ఆర్‌ఎన్‌ఎసీక్వెన్స్, ప్రోటీన్‌సీక్వెన్స్ అన్న పేర్లు వచ్చాయి. వాటిలోని ఒక్కో గింజకు కాంపౌండ్ అని పేరు, అంటే రసాయన పదార్థం. దానికి ముందున్న తొలి బయోజావాలో అదే గింజ పేరు సింబల్, వరుస పేరు సింబల్‌లిస్ట్. గుర్తుల జాబితా కాస్తా పదార్థాల వరుస అయింది. గణితం చదివినవాళ్లు పెట్టిన పేర్ల చోట జీవశాస్త్రం చదివినవాళ్లకు నచ్చే పేర్లు వచ్చి కూర్చున్నాయి.

మూడోది, ఇది దస్త్రం అనే దారి. 1990ల నడిమిలో మొదలైన బయోపెర్ల్‌లో ప్రైమరీసీక్ అంటే అక్షరాలూ గుర్తింపూ మాత్రమే. సీక్ అంటే వాటితోపాటు జన్యువులు ఎక్కడున్నాయో చెప్పే వివరాలు. బయోపైథాన్‌లో ఈ విభజన ఇంకా తేటగా ఉంది: అక్షరాలకు సీక్, వివరాల దస్త్రానికి సీక్‌రికార్డ్. 1999లో జెఫ్ చాంగ్, ఆండ్రూ డాల్కీ మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నో మారాయి, ఈ జంట పేర్లు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. నా దృష్టిలో కారణం ఒకటే. సీక్ అన్న పేరు ఎక్కువ చెప్పదు. రికార్డ్ అన్న పేరు తన లోపల ఉన్నదాన్నే చెబుతుంది.

అక్షరమాల కథ

బయోపైథాన్ వరుస అణువు సంగతిని పేరులో చెప్పలేదు కాబట్టి, ఆ పని ఇంకొకదానికి అప్పగించారు. దాని పేరు ఆల్ఫబెట్. ప్రతి సీక్‌కూ ఒక అక్షరమాల తగిలించాలి: సందేహాల్లేని డిఎన్‌ఎ, సందేహాలున్న డిఎన్‌ఎ, ప్రోటీన్, ఖాళీ గుర్తులున్నది, ఆగే గుర్తులున్నది. కాగితం మీద చక్కగా ఉంది. ఆచరణలో వచ్చిన తంటా ఏమిటంటే, అక్షరమాలను తగిలించాక వరుసలోని అక్షరాలు అందులో ఉన్నాయా లేవా అని సీక్ తనంతట తాను చూసేది కాదు. డిఎన్‌ఎ అని చీటీ అంటించి ఏ చెత్తయినా పోయవచ్చు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. పైగా రెండు వరుసలను కలిపినప్పుడు వాటి అక్షరమాలల్లో దేనికి ఏది సరిపోతుందన్న నియమాలు పెరిగిపెరిగి, వాడేవాళ్లకు తలనొప్పి అయ్యాయి. 2020 సెప్టెంబరులో వచ్చిన 1.78 విడుదలలో ఆ విభాగాన్నే తీసేశారు. అణువు రకాన్ని ఇప్పుడు సీక్‌రికార్డ్‌లోని వివరాల్లో ‘మాలిక్యూల్ టైప్’ అన్న చోట మామూలు మాటగా రాస్తారు.

విచిత్రం ఏమిటంటే, బయోపెర్ల్ దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. అక్కడ మొదట ఉన్న పేరు ‘మాల్‌టైప్’. అంటే అణువు రకం. తరవాత దాన్ని పక్కనపెట్టి ‘ఆల్ఫబెట్’ అనమన్నారు. ఒకరు అణువు నుంచి అక్షరమాలకు, మరొకరు అక్షరమాల నుంచి అణువుకు వచ్చారు. ఎవరిది ఒప్పు? బయోపెర్ల్‌లో ఏమీ చెప్పకపోతే ప్రోగ్రామే అక్షరాలను లెక్కపెట్టి ఊహిస్తుంది. చిన్న ప్రోటీన్ ముక్కలో ఎ, సి, జి, టిలే ఎక్కువగా పడితే అది డిఎన్‌ఎ అనుకుంటుంది. ఊహించి చెప్పే జవాబుకు ‘అణువు రకం’ అన్న పేరు పెద్ద మాట, ‘అక్షరమాల’ అన్నదే తగిన మాట. బయోపైథాన్‌లోనో, మనిషి స్వయంగా చెప్పిన సంగతిని దస్త్రంలో రాసుకుంటున్నారు. దానికి ‘అణువు రకం’ సబబు. ఎదురుబొదురుగా నడిచినా ఇద్దరూ చేరింది ఒకే చోటికి: పేరు వెనక ఎంత రుజువుందో పేరు అంతే చెప్పాలి.

పైథాన్‌లోనే ఉన్న సైకిట్-బయో వేరే దారి పట్టింది. అక్కడ క్లాసుల పేర్లు మరీ పొట్టి: డిఎన్‌ఎ, ఆర్‌ఎన్‌ఎ, ప్రోటీన్. మొదట్లో బయోలాజికల్‌సీక్వెన్స్ అన్న పొడుగు పేరున్నదాన్ని ఉత్త సీక్వెన్స్‌గా కుదించారు. ఇక్కడి తేడా ఏమిటంటే, డిఎన్‌ఎ అచ్చులో చెల్లని అక్షరం పోస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే తిప్పికొడుతుంది. పేరు చిన్నదైనా వెనక కాపలా ఉంది. ఈ మూడింటికీ తల్లి క్లాసు పేరు గ్రామర్డ్‌సీక్వెన్స్, అంటే వ్యాకరణానికి లోబడిన వరుస. జీవశాస్త్రవేత్తకు ఈ మాట వింతగా ఉంటుంది గానీ, నేను చూసిన పేర్లలో ఇంత నిజాయితీ ఉన్నది తక్కువ. నేను అణువునని అది అనదు. నా అక్షరాలు నియమం తప్పలేదని మాత్రమే అంటుంది.

నాలుగు అంటే ఎన్ని?

పలక, కడ్డీ గొడవ సాఫ్ట్‌వేర్‌లో అచ్చంగా జరిగింది కూడా. సి++ భాషలోని సీక్‌ఆన్ గ్రంథాలయం మూడో కూర్పులో డిఎన్‌ఎ4, డిఎన్‌ఎ5, డిఎన్‌ఎ15 అన్న పేర్లున్నాయి. అంకె అక్షరాల సంఖ్య. నాలుగు అంటే ఎ, సి, జి, టి. అయిదు అంటే వాటికి తోడు ఎన్. పదిహేను అంటే సందేహపు అక్షరాలన్నీ. జూలియా భాషలోని బయోసీక్వెన్సెస్‌లో లాంగ్‌డిఎన్‌ఎ అన్న క్లాసుకు బ్రాకెట్లో 2 గానీ 4 గానీ ఉంటుంది. అక్కడ అంకె ఒక్కో అక్షరానికి పట్టే బిట్ల సంఖ్య. రెండు బిట్లలో నాలుగు అక్షరాలు పడతాయి, నాలుగు బిట్లలో పదహారు గుర్తులు పడతాయి. కాబట్టి ఒకరి డిఎన్‌ఎ4కు సాటి వచ్చేది రెండో వారి 2 అంకె ఉన్నది. 4 అంకె ఉన్నదేమో మొదటివారి పదిహేనుకు దగ్గర. ఒక గ్రంథాలయం నుంచి ఇంకోదానికి మారిన విద్యార్థి తడబడ్డాడంటే తప్పు అతనిది కాదు.

అయినా నేను ఈ రెండు పేర్లనూ తప్పుపట్టను. రెండు అంకెల వెనకా కొలిచి చూపగలిగిన సంగతి ఉంది. మనిషి జన్యుపటంలో సుమారు 310 కోట్ల అక్షరాలు. రెండు బిట్ల చొప్పున అయితే అది దాదాపు 78 కోట్ల బైట్లలో ఇముడుతుంది, నాలుగు బిట్ల చొప్పున అయితే దానికి రెట్టింపు కావాలి. మెమరీ లెక్కలు వేసేవారికి బిట్ల అంకె ముఖ్యం. ఏ అక్షరాలు వస్తాయోనన్న భయం ఉన్నవారికి అక్షరాల అంకె ముఖ్యం. కావలసిందల్లా ఆ అంకె దేన్ని కొలుస్తోందో వివరణ పత్రంలో మొదటి వాక్యంలోనే రాయడం.

సంచి పెద్దదైతే

కొన్ని పేర్లు పక్కవాళ్లతో పోల్చుకుని పుట్టాయి. బయోపెర్ల్‌లోని రిచ్‌సీక్ అంటే సంపన్నమైన వరుస. జీన్‌బ్యాంక్ వంటి నిధుల దస్త్రాల్లో వచ్చే తేదీలు, ముఖ్యపదాల వంటి అదనపు గడులు ఉన్నది. లార్జ్‌సీక్ అంటే పెద్ద వరుస. అక్షరాలను మెమరీలో కాక డిస్కు మీద ఫైల్లో దాచేది. ‘సంపన్న’, ‘పెద్ద’ అన్నవి ఎవరికంటే? నిన్నటి పెద్ద ఇవాళ్టి చిన్న. ఊళ్లో ‘కొత్త బజారు’ వందేళ్లదైనా కొత్త బజారే అయినట్టు, సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ పేర్లు కాలం చెల్లాక అలాగే ఉండిపోతాయి.

బయోస్ట్రింగ్స్‌లో డిఎన్‌ఎస్ట్రింగ్‌సెట్ అన్న పేరు ఉంది. సెట్ అంటే గణితంలో ఒకే సభ్యుడు రెండుసార్లు రాకూడదు. ఇందులోనో ఒకే వరుస పదిసార్లు ఉన్నా అభ్యంతరం లేదు. పేరు ఒక నియమాన్ని గుర్తుచేసి దాన్ని పాటించని సందర్భం ఇది.

అన్నిటికంటే లోతుగా ఆలోచించిన పేరు అమెరికా జాతీయ సంస్థ ఎన్‌సీబీఐలో జేమ్స్ ఆస్టెల్ రూపొందించిన నమూనాలోని బయోసీక్. అందులో అక్షరాలు ఉండి తీరాలన్న నియమం లేదు. ‘వర్చువల్’ రకం బయోసీక్‌లో గుర్తింపూ రకమూ ఉండి, అక్షరాలు అసలే లేకపోవచ్చు. ‘మ్యాప్’ రకంలో అక్షరాల బదులు గుర్తుల పటం ఉంటుంది. ‘సీక్వెన్స్’ అన్న మామూలు మాట వాడి ఉంటే, లోపల అక్షరాలు లేవంటే జనం తిట్టేవారు. కొత్త మాటను కూర్చుకోవడం వల్ల ఆ మాటకు తనకు కావలసిన అర్థం ఇచ్చుకునే స్వేచ్ఛ దక్కింది. పాత మాటతో రాజీ కుదరనప్పుడు కొత్త మాట పుట్టించడమే మేలు.

ఎక్సాన్ వస్తువా, గుర్తా?

జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఎ ప్రతి తయారైనప్పుడు అందులో మిగిలే ముక్క ఎక్సాన్, కత్తిరించి తీసేసే ముక్క ఇంట్రాన్. బయోజావాలో ఎక్సాన్‌సీక్వెన్స్, ఇంట్రాన్‌సీక్వెన్స్, జీన్‌సీక్వెన్స్ అని విడివిడి క్లాసులున్నాయి. బయోపైథాన్‌లో అలాంటివి లేవు. సీక్‌ఫీచర్ అన్న ఒకే క్లాసు ఉంటుంది, దాని రకం గడిలో ‘ఎక్సాన్’ అని రాస్తారు. ఒకటి ఇంట్లో ప్రతి గదికీ వేరే ఇల్లు కట్టినట్టు, మరొకటి గది తలుపు మీద చీటీ అంటించినట్టు.

చీటీ పక్షాన బలమైన వాదన ఉంది. 2005లో సీక్వెన్స్ ఆంటాలజీ అన్న పదసంపుటిని పరిచయం చేసిన వ్యాసం వచ్చింది. అందులో ఎక్సాన్‌కూ జన్యువుకూ ఇంకా ఎన్నింటికో సంఖ్యలతో సహా అందరూ ఒప్పుకున్న నిర్వచనాలు ఉన్నాయి. ఆ నిర్వచనాలు మారినప్పుడు చీటీ మార్చడం తేలిక, క్లాసును మార్చడం కష్టం. ఎక్సాన్ అన్నది ముక్క సొంత గుణం కూడా కాదు. ఒక ప్రతిలో ఎక్సాన్ అయినది అదే జన్యువు ఇంకో ప్రతిలో కత్తిరింపుకు గురై పోవచ్చు. పెళ్లికొడుకు అన్నది మనిషి పేరు కానట్టే ఎక్సాన్ అన్నది వరుస పేరు కాదు. అది ఒక సందర్భంలో దానికి దక్కిన హోదా. హోదాను క్లాసుగా చేస్తే సందర్భం మారిన రోజున ఇరుకున పడతాం.

చోటును చెప్పే పేర్లలోనూ ఇలాంటి ఉచ్చు ఉంది. వరుసలో చోట్లను నమోదు చేసే ఫైళ్లలో, మొదటి పది అక్షరాలను జీఎఫ్‌ఎఫ్ ఫైలు 1 నుంచి 10 అని రాస్తుంది, బెడ్ ఫైలు 0 నుంచి 10 అని రాస్తుంది. ‘లొకేషన్’ అన్న పేరు ఈ రెంటిలో ఏది వాడుతోందో చెప్పదు.

హైదరాబాద్ లెక్క: 5,356 నుంచి 501

పేర్ల చిక్కును లెక్కతో విడగొట్టిన చక్కని ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. డిఎన్‌ఎలో ఒకటి నుంచి ఆరు అక్షరాల ముక్క వెంటవెంటనే తిరిగితిరిగి వచ్చే చోట్లను మైక్రోశాటిలైట్లంటారు. వాటికే ఎస్‌ఎస్‌ఆర్, ఎస్‌టీఆర్ అన్న పేర్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ నుంచి సురేశ్ ముదునూరి, హెచ్‌.ఎ. నాగరాజారాం 2007లో ఐమెక్స్ అన్న ప్రోగ్రాంను ప్రచురించారు. పేరులోని ఐ అంటే ఇంపర్‌ఫెక్ట్, పూర్తిగా సరిపోని తిరుగుళ్లను పట్టేది. ఎంతవరకు తప్పు ఒప్పుకోవాలో వాడేవాళ్లే హద్దు పెట్టుకోవచ్చు. ‘అసంపూర్ణం’ అన్న విశేషణానికి ఆ హద్దే అర్థం ఇస్తుంది.

2018లో అదే ఊరి సీసీఎంబీ బృందం, అక్షయ్ అవ్వారు, దివ్యతేజ్ సౌపాటి, రాకేశ్ మిశ్రా ప్రచురించిన పెర్ఫ్ అన్న పైథాన్ ప్రోగ్రాం అసలు ముడిని ఎదుర్కొంది. ‘ఎసిఎసిఎసి’ అన్న వరుసను ఒక అక్షరం ఆలస్యంగా చదవడం మొదలుపెడితే అది ‘సిఎ’ తిరుగుడు. డిఎన్‌ఎ జంట పోగుల్లో ఎదుటి పోగు మీద చదివితే ‘జిటి’, లేదా ‘టిజి’. నాలుగు పేర్లు, చోటు ఒకటే. అన్ని కలయికలూ కూడితే, లోపల తమను తామే తిప్పుకునేవి తీసేశాక, ఒకటి నుంచి ఆరు అక్షరాల ముక్కలు 5,356. చదివే మొదలునూ ఎదుటి పోగునూ ఒకటిగా లెక్కగడితే అవి 501 తరగతులకు తగ్గుతాయి. రెండక్షరాల పన్నెండు ముక్కలు నాలుగు తరగతులవుతాయి: ఎసి, ఎజి, ఎటి, సిజి. ప్రతి తరగతికీ అకారాదిగా ముందొచ్చే ముక్కే పేరు. ఫలితాల్లో తరగతి పేరుతోపాటు అసలు కనిపించిన ముక్కనూ, ఏ పోగు మీదో ఆ గుర్తునూ పెర్ఫ్ వేరే గడుల్లో ఇస్తుంది. పేరు పెట్టేటప్పుడు ఒకే వస్తువు పలు వేషాల్లో వస్తుందా అని ముందు అడగాలి, అవునంటే ఏ వేషాన్ని అసలు పేరుగా తీసుకుంటామో నియమం రాయాలి, మిగిలిన వేషాలను పారెయ్యకుండా పక్కన దాచాలి. ఏ భాషలో క్లాసు రాసినా ఈ మూడూ పనికొస్తాయి.

ధాన్యపు గిన్నెలో రెండు పేర్ల జన్యువు

ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్ కా కటోరా’ అంటారు. 1970లలో వరి శాస్త్రవేత్త డాక్టర్ రిఛారియా రాయ్‌పూర్‌లో వేల రకాల దేశవాళీ వరిని సేకరించారు. ఊరూరా ఒకే రకానికి వేరు పేరు, వేరు రకాలకు ఒకే పేరు ఉండటం సేకరించేవాళ్లందరికీ తెలిసిన చిక్కే. అందుకే విత్తన నిధుల్లో ప్రతి నమూనాకూ పిలుపు పేరుతోపాటు ఒక యాక్సెషన్ నంబరు ఉంటుంది. పిలుపు పేరు జనానికి, నంబరు బీరువాకు.

వరి జన్యుపటం 2005లో పూర్తయ్యాక జన్యువులకూ ఇదే జరిగింది. అన్నం జిగటగా ఉంటుందా పొడిగా ఉంటుందా అన్నదాన్ని చాలావరకు నిర్ణయించే వాక్సీ జన్యువుకు జపాన్ పట్టికలో ఓఎస్‌06జి0133000 అని, అమెరికాలోని మిషిగన్ స్టేట్ పట్టికలో ఎల్‌ఓసీ_ఓఎస్‌06జి04200 అని పేర్లు. రెంటిలో 06 అంటే ఆరో క్రోమోజోమ్. తరవాతి అంకెలకు పోలిక లేదు. సాఫ్ట్‌వేర్‌లో జన్యువుకు ఒకే పేరు గడి పెట్టినవాడు ఇక్కడ ఇరుక్కుంటాడు.

ముందు చెప్పిన బయోపైథాన్ సీక్‌రికార్డ్‌లో ఐడీ, నేమ్, డిస్క్రిప్షన్ అని మూడు గడులున్నాయి. వరుసలను దాచే మామూలు ఫాస్టా ఫైలు చదివితే మొదటి రెంటిలో ఒకే మాట పడుతుంది, మూడో దాంట్లో ఆ మాటతో సహా మొత్తం వాక్యం పడుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లకు, చివర రాయమనే ఇక్కడి హిందీ ఫారాల్లో ‘సర్‌నేమ్’ గడి ఎప్పుడూ తంటాయే. గడికి పేరుంది, నింపేవాడి ఆచారం దానికి తెలియదు. రెండూ ఒకే జబ్బు.

పేరు పెట్టే ముందు

ఇన్ని జవాబులు చూశాక ఏ ఒక్క దారీ పూర్తిగా గెలవలేదన్నది నిజం. జీవశాస్త్రవేత్త వాడే సాధనానికి డిఎన్‌ఎ, ప్రోటీన్ వంటి తెలిసిన మాటలే కావాలి. లోపల పనిచేసే పొరలకు స్ట్రింగ్, ఆల్ఫబెట్ వంటి నిక్కచ్చి మాటలు నప్పుతాయి. అక్షరాలనూ వాటి గురించిన సమాచారాన్నీ వేరు చేసినవి నిలిచాయి. రుజువు చూపకుండా అణువు గురించి హామీ ఇచ్చినవి జారిపోయాయి. హోదాలను చీటీలుగా ఉంచినవి హాయిగా ఉన్నాయి. తెలిసిన మాటకూ నిక్కచ్చి మాటకూ మధ్య లాగులాట మాత్రం తీరలేదు, తీరుతుందని నేను అనుకోను.

భిలాయ్‌లో తయారయ్యే రైలు పట్టానే తీసుకోండి. చాలాకాలం దాని గ్రేడు పేరు 880, లాగితే తెగే బలం. ఐరోపా ప్రమాణంలో ఆర్260 అంటారు, అది బంతితో నొక్కి చూసిన గట్టిదనం. ఆ ఆర్260 పట్టాకు కూడా తెగే బలం కనీసం 880 ఉండాలన్నదే నియమం. పేర్లు రెండు, యంత్రాలు రెండు, ఏ పేరు చెప్పినా దాని వెనక నిలబడి చూపించే పరీక్ష ఉంది. కొత్త క్లాసుకు పేరు రాసే ముందు చేయాల్సిన పని కూడా ఇంతే: ఆ పేరు అబద్ధమైతే విరిగిపోయే పరీక్ష ఒక్కటి ముందు రాయాలి. అలాంటి పరీక్ష తోచకపోతే పేరునే కాస్త తగ్గించాలి.